పాత కారుకు ఛార్జింగ్ ఎక్కట్లేదా? బ్యాటరీ కొనే ముందు మీటరు పెట్టి చూడండి

మా నాన్నగారి మారుతి 800 కి ఒకే ఏడాదిలో ఒక కొత్త బ్యాటరీ వేయించాం, ఆల్టర్నేటర్‌లో కార్బన్లు (లోపల తిరిగే రోటర్‌కి కరెంటు అందించే బ్రష్షులు), ఐసీ (వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్) మార్పించాం. అయినా రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని గంట తిరిగితే పొద్దున సెల్ఫ్ మూలిగేది. చివరికి తేలిందేమిటంటే, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే జానెడు ఎర్త్ పట్టీ ఒకటి లోపల తినేసి ఉంది. కొత్త పట్టీ ఖరీదు మేము అప్పటిదాకా పెట్టిన ఆటో ఛార్జీలకంటే తక్కువ.

అది 1997 మోడల్ కార్బురేటర్ బండి. ఇలాంటి బండ్లు మన ఊళ్ళలో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వీటిలో ఛార్జింగ్ జబ్బు వస్తే అందరూ ముందు బ్యాటరీని అనుమానిస్తారు, తర్వాత ఆల్టర్నేటర్‌ని. ఆ రెంటికీ మధ్యలో ఉన్న తీగల్ని ఎవరూ పట్టించుకోరు. పాతికేళ్ళు దాటిన బండిలో మొదట చూడాల్సింది వాటినే అని నా వాదన. అయితే వాదనతో పని లేదు, మీటరు పెడితే అదే చెబుతుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మేడ మీద నీళ్ళ ట్యాంకు బ్యాటరీ అనుకోండి. కింద మోటారు ఆల్టర్నేటర్. పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళు లేవంటే తప్పు నాలుగు చోట్ల ఉండొచ్చు: ట్యాంకు పగిలింది, మోటారు తోడట్లేదు, మధ్యలో పైపు పూడుకుపోయింది, లేదా రాత్రంతా ఎక్కడో కుళాయి కారింది. కింద చెప్పే కొలతలన్నీ ఈ నాలుగింట్లో ఏదో తేల్చడానికే. నేను చెప్పిన వరసలోనే చేయండి. సగం దిగిపోయిన బ్యాటరీ మీద ఆల్టర్నేటర్ పరీక్ష చేస్తే వచ్చే అంకెలు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి.

కావలసినవి

ఒక డిజిటల్ మల్టీమీటరు. ఎలక్ట్రికల్ షాపులో రెండు మూడు వందలకు దొరికే చిన్నది చాలు. దానిలోని 9 వోల్టుల బ్యాటరీ మాత్రం కొత్తది వేయండి. అది దిగిపోతే ఈ చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, బాగా లేని బండి కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

10 నంబర్ పానా, ఎమరీ పేపరు, పాత టూత్ బ్రష్షు, కాస్త వంట సోడా. ఒక 5 వాట్ల పార్కింగ్ బల్బుకి రెండు వైర్లు కట్టి, చివర్లలో క్లిప్పులు పెట్టుకోండి. పాతకాలపు ఎలక్ట్రీషియన్లకు ఈ బల్బే మీటరు, బల్బే దైవం. కొన్ని పనులకు మీటరు కంటే ఇదే నయం.

జాగ్రత్తలు రెండు మూడు. చేతికి ఉంగరం, కడియం, గొలుసు వాచీ ఉంటే తీసి పక్కన పెట్టండి. పానా జారి ప్లస్ నుంచి బాడీకి తగిలితే మధ్యలో ఉన్న ఉంగరం ఎర్రగా కాలుతుంది. టెర్మినళ్ళు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్ వద్దు, ఛార్జింగ్ అయ్యేటప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వస్తుంది. ఇంజన్ ఆడుతుండగా లుంగీతో, కండువాతో, చున్నీతో బెల్టు మీదకు వంగకండి.

1. బానెట్ ఎత్తి కళ్ళతో చూడండి

మీటరు తీయకముందే పది నిమిషాలు ఇక్కడ ఖర్చు పెట్టండి.

బ్యాటరీ టెర్మినళ్ళకు చిలుము పట్టిందా? తెల్లగా, పచ్చగా పొడి పూసి ఉంటే వంట సోడా నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దండి. సోడా నీళ్ళు సెల్ మూతల్లోంచి లోపలికి పోకూడదు. తర్వాత టెర్మినల్ విప్పి, లోపలి గుండ్రటి భాగాన్నీ, బ్యాటరీ పోస్టునీ ఎమరీతో మెరిసేదాకా గీకండి. బిగించాక పైన కాస్త వ్యాజలీన్ రాయండి, లోపల కాదు. బిగించిన టెర్మినల్ చేత్తో తిప్పితే కదలకూడదు. కదిలిందంటే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

బెల్టు చూడండి. తాళంచెవి జేబులో వేసుకున్నాకే అక్కడ చెయ్యి పెట్టండి. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది: ఆల్టర్నేటర్ ముందున్న ఫ్యాన్ రెక్కను పట్టుకుని తిప్పండి. బెల్టు కదలకుండా పుల్లీ ఒక్కటే జారి తిరిగితే బెల్టు లూజు. బెల్టు పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తుంటే బిగించినా జారుతుంది, మార్చేయండి. వానలో బండి స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి ఆగిపోతుందా? అదీ దీని గొంతే. మారుతి 800 లో ఈ బెల్టే వాటర్ పంపునీ తిప్పుతుంది కాబట్టి, ఇది తెగితే ఛార్జింగ్ పోవడం చిన్న విషయం, ఇంజన్ వేడెక్కడం పెద్ద విషయం.

బిగించేటప్పుడు అతి చేయకండి. వీణ తీగలా బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగూ పంపు బేరింగూ రెండూ తొందరగా అరుస్తాయి.

2. బ్యాటరీ ఒక్కదాన్ని పరీక్షించండి

రాత్రి బండి ఆపి పొద్దున కొలిస్తే మంచిది. అంత ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, ఐదు నిమిషాలు ఆగండి. ఛార్జింగ్ అయిన వెంటనే బ్యాటరీ పైపైన ఎక్కువ వోల్టేజీ చూపిస్తుంది, ఆ పొంగు దిగిపోవాలి.

మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ముల్లు టెర్మినల్ క్లాంపు మీద కాకుండా నేరుగా సీసపు పోస్టు మీద ఆనించండి. 12.5 నుంచి 12.7 దాకా ఉంటే నిండినట్టు. మన ఎండల కోసం తయారయ్యే బ్యాటరీల్లో యాసిడ్ కొంచెం పలచగా పోస్తారు, అందుకే అవి నిండినా 12.5 దగ్గరే ఆగుతాయి, కంగారు పడకండి. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువుంటే ఖాళీ అనే లెక్క. 10.5 దగ్గర బిర్రబిగుసుకుని కూర్చుని, ఛార్జర్ పెట్టినా ఎక్కకపోతే, ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చినట్టే. సెల్‌కి 2.1 చొప్పున లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

12.4 కంటే తక్కువ వస్తే ఇక్కడే ఆగండి. బ్యాటరీని బయట ఛార్జింగ్‌కి ఇచ్చి, నిండా ఎక్కించుకుని వచ్చాకే మిగతావి చేయండి. పూర్తిగా దిగిన బ్యాటరీని కారు ఆల్టర్నేటరే నింపుతుందిలే అని వదిలేస్తే, ఆ ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి బరువు మోసి వేడెక్కుతుంది. బాగున్న ఆల్టర్నేటర్‌ని పాడు చేసుకునే మార్గం ఇది.

నిండిన బ్యాటరీతో ఇప్పుడు సెల్ఫ్ పరీక్ష. మీటరు పోస్టుల మీద పట్టుకుని, ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ వేయమనండి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే పైనే ఉండాలి. నిండి ఉండి కూడా 8 కో 7 కో పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది. అదే, బ్యాటరీ మీద 11 నిలబడే ఉంది కానీ సెల్ఫ్ మాత్రం మూలుగుతోందంటే, తప్పు బ్యాటరీది కాదు. కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఐదో మెట్టులో పనికొస్తుంది.

మూతలు తీసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం కూడా చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే ఆ బ్యాటరీ గురించి నేను హామీ ఇవ్వను. కుళాయి నీళ్ళు మాత్రం పోయొద్దు, బోరు నీళ్ళు అసలే వద్దు.

3. డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు ఏం చెబుతోంది?

చాలామంది ఇది ఉత్త హెచ్చరిక లైటనుకుంటారు. పాత బండ్లలో ఇది ఛార్జింగ్ సర్క్యూట్‌లో భాగం. తాళం ఆన్ చేయగానే ఈ బల్బు గుండానే ఆల్టర్నేటర్ లోపలి రోటర్‌కి కొంచెం కరెంటు వెళ్ళి దాన్ని అయస్కాంతంగా మారుస్తుంది. ఆ చిన్న తోపు లేకపోతే ఆల్టర్నేటర్ తిరిగినా నిద్ర లేవదు. లేచాక బల్బుకి రెండు వైపులా వోల్టేజీ సమానమవుతుంది, బల్బు ఆరిపోతుంది.

కాబట్టి తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూడండి. లైటు వెలగాలి. స్టార్ట్ చేశాక ఆరాలి.

ఆన్ చేస్తే ఆయిల్ లైటు వెలిగి, బ్యాటరీ లైటు వెలగకపోతే మూడే అనుమానాలు: ఆ బల్బు పోయింది, బల్బు నుంచి ఆల్టర్నేటర్‌కి వచ్చే సన్న తీగ తెగింది, లేదా ఆల్టర్నేటర్‌లో కార్బన్లు అరిగిపోయాయి. రెండు లైట్లూ వెలగకపోతే ముందు ఫ్యూజ్ చూడండి. ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు పీకి, తాళం ఆన్ చేసి, ఆ సన్న తీగకూ బాడీకీ మధ్య మీ 5 వాట్ల బల్బు పెట్టండి. డాష్‌బోర్డు లైటు వెలిగి, మీ బల్బు వెలిగీ వెలగనట్టుంటే ఆ తీగ, లోపలి బల్బు బాగున్నట్టు, తప్పు ఆల్టర్నేటర్ లోపల ఉన్నట్టు. మీ బల్బు ధగధగా వెలిగితే మీరు పట్టుకున్నది వేరే తీగ. అందుకే ఏ తీగనీ నేరుగా ఎర్త్‌కి తాకించొద్దంటున్నాను. తాకించింది బల్బు తీగ కాకపోతే నిప్పురవ్వలు, పొగ.

ఈమధ్య మీటర్ బోర్డుకి ఫ్యాషన్‌గా నీలం రంగు ఎల్‌ఈడీ బల్బులు వేయిస్తున్నారు. ఈ ఒక్క బల్బు స్థానంలో ఎల్‌ఈడీ వేస్తే, అది లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి ఆల్టర్నేటర్ మేలుకోవడానికి సరిపోదు. స్టార్ట్ చేశాక గట్టిగా రేస్ ఇస్తే తప్ప ఛార్జింగ్ మొదలవదు. మీ బండి లక్షణం ఇదే అయితే మామూలు బల్బు తిరిగి వేసి చూడండి.

స్టార్ట్ అయ్యాక లైటు పూర్తిగా ఆరకుండా మిణుకుమిణుకుమంటుంటే డయోడ్ (ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) మీదో, తీగల మీదో అనుమానం. తాళం తీసేసినా లైటు వెలుగుతూనే ఉంటే డయోడ్ పోయిందనే చెప్పొచ్చు. రాత్రికి మైనస్ టెర్మినల్ తీసేయండి.

రోటర్ మేలుకుంటోందా లేదా తెలుసుకోవడానికి ఒక ముచ్చటైన చిట్కా ఉంది. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ కొనను ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరకు తీసుకెళ్ళండి. అయస్కాంతం లాగినట్టు కొన టక్కున అతుక్కోవాలి. తాళం ఆపితే పట్టు వదలాలి. మొదటిసారి చూసినప్పుడు మా అబ్బాయి పదిసార్లు ఆన్ ఆఫ్ చేయించాడు.

4. ఇంజన్ ఆడుతుండగా బ్యాటరీ మీద కొలవండి

బండి స్టార్ట్ చేసి, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆపి, కాస్త రేస్ ఇచ్చి పట్టుకోండి. బ్యాటరీ పోస్టుల మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి.

ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేయండి. లో బీమ్ బల్బులు రెండూ కలిపి 110 వాట్లు, అంటే 9 ఆంపియర్ల దాకా అవే లాగుతాయి. రేస్ ఇచ్చి పట్టుకుంటే అప్పుడు కూడా 13.5 కి తగ్గకూడదు. స్లోలో ఉన్నప్పుడు 13 దాకా దిగినా పాత ఆల్టర్నేటర్లకు అది మామూలే, రేస్ ఇవ్వగానే పైకి లేవాలి.

వచ్చిన అంకెను ఇలా చదవండి:

- 12.5 దగ్గరే ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ 12.4, 12.3 అని దిగుతుంటే ఛార్జింగ్ అసలు లేదు. మూడో మెట్టుకి వెనక్కి వెళ్ళండి.
- 13 నుంచి 13.5 మధ్య ఆడుతుంటే ఛార్జింగ్ ఉంది, కానీ చాలట్లేదు. ఐదో మెట్టు మీ కోసమే.
- ఏమీ వేయనప్పుడు 14.2 ఉండి, అన్నీ వేశాక రేస్ ఇచ్చినా 12.8 కి పడిపోతే బెల్టు జారడమో, డయోడ్ పోవడమో, తీగల్లో అడ్డో.
- 15 దాటితే ఐసీ పని అయిపోయింది. బ్యాటరీ నీళ్ళు వారానికోసారి తగ్గడం, హెడ్‌లైట్ బల్బులు ఊరికే మాడిపోవడం, బానెట్ ఎత్తితే గంధకం వాసన రావడం దీని లక్షణాలే. ఇలాంటి బండిని దూరం తీసుకెళ్ళకండి.

మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో గంట నడిపి వచ్చి కొలిస్తే 13.6 వచ్చిందని ఆల్టర్నేటర్ విప్పించకండి. వేడెక్కినకొద్దీ రెగ్యులేటర్ వోల్టేజీని కాస్త తగ్గించేలా తయారు చేస్తారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడండి.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బండి ఆడుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "ఆగలేదు చూశారా, ఛార్జింగ్ బ్రహ్మాండం" అనే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. మా బండికి ఒకాయన పానా పట్టుకుని వంగగానే చెయ్యి అడ్డం పెట్టాను.

"బాబాయ్, అది పీకొద్దు. మీటరు పెట్టి చూద్దాం."

"ముప్పై ఏళ్ళ నుంచి ఇట్టాగే చూస్తన్నా బాబూ, ఏ బండికీ ఏం కాలా."

ఆయన మాట అబద్ధం కాదు. ఆయన పని నేర్చుకున్నది అంబాసిడర్లకు, పాత ఫియట్లకు డైనమోలూ కటౌట్ డబ్బాలూ ఉన్న రోజుల్లో. ఆల్టర్నేటర్ వచ్చాక లెక్క మారింది. అది కరెంటు ఇస్తుండగా బ్యాటరీని తప్పిస్తే ఒక్క క్షణం వోల్టేజీ పదుల్లోకి ఎగురుతుంది. ఆ దెబ్బకు డయోడ్లూ ఐసీ పోవచ్చు, ఎంపీఎఫ్‌ఐ బండి (కార్బురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే రకం) అయితే ఆ కంప్యూటరే పోవచ్చు. పైగా ఇంజన్ ఆగనంత మాత్రాన ఛార్జింగ్ సరిగా ఉన్నట్టు కాదు. ఇంజన్ ఆడటానికి కావలసింది రెండు మూడు ఆంపియర్లే.

5. తీగల్లో ఎంత పోతోందో పట్టుకోండి

మా బండి కథ తేలింది ఇక్కడే కాబట్టి నిదానంగా చెబుతాను.

తీగ తెగిందా లేదా అని ఓముల్లో కొలిస్తే ఈ జబ్బు దొరకదు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే మీటరు పంపేది చీమంత కరెంటు. ఇరవై ఆంపియర్లు పారేటప్పుడు ఆ ఒక్క పోగే గొంతు నొక్కుతుంది. కాబట్టి కరెంటు పారుతుండగానే కొలవాలి.

ఇంజన్ ఆన్. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్. ఒకరు రేస్ ఇచ్చి పట్టుకోవాలి. మీరు నాలుగు కొలతలు తీసి కాగితం మీద రాసుకోండి.

మొదటిది, బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి మైనస్ పోస్టుకి. మా బండిలో 13.3 వచ్చింది.

రెండోది, ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బోల్టు నుంచి ఆల్టర్నేటర్ అల్యూమినియం ఒంటికి. ఒంటి మీద మకిలి ఉంటే ముల్లుతో గీకి గట్టిగా ఆనించండి. మాకు 14.2.

అంటే ఆల్టర్నేటర్ 14.2 ఇస్తోంది, బ్యాటరీ దాకా 13.3 చేరుతోంది. మధ్యలో 0.9 ఎవరో మింగేస్తున్నారు. ఆల్టర్నేటర్ లోపలి ఐసీ చూసుకునేది తన దగ్గరి వోల్టేజీనే, అది 14.2 ఉంది కాబట్టి "నా పని నేను చేస్తున్నా" అని హాయిగా ఉంది. బ్యాటరీ ఆకలితో ఉందని దానికి తెలియదు. ఐసీ మార్చినా మా జబ్బు ఎందుకు తగ్గలేదో, ఆల్టర్నేటర్ మొత్తం మార్చి ఉన్నా ఎందుకు తగ్గేది కాదో ఈ రెండంకెలే చెప్పేశాయి.

మూడోది, మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటర్ లావు బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ పోస్టు మీద. ప్లస్ దారిలో పోయేది ఇక్కడ నేరుగా కనిపిస్తుంది. 0.3 లోపు ఉండాలి. మాకు 0.1. అటువైపు బాగుంది.

నాలుగోది, ఒక ముల్లు ఆల్టర్నేటర్ ఒంటి మీద, రెండోది బ్యాటరీ మైనస్ పోస్టు మీద. 0.2 దాటకూడదు. మాకు 0.8.

లెక్క సరిపోయింది చూడండి. 13.3, 0.1, 0.8 కూడితే 14.2. మీ అంకెలు కూడా ఇలా కూడాలి, కూడకపోతే ఎక్కడో ముల్లు సరిగా ఆనలేదు.

ఎర్త్ దారిలో తప్పుందని తెలిశాక ముల్లుని ఒక్కో అడుగూ జరుపుతూ పోవాలి. బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి దాని క్లాంపుకి: సున్నా. క్లాంపు నుంచి బాడీ మీద బోల్టుకి: సున్నా. బాడీ నుంచి ఇంజన్‌కి: 0.8. బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఉన్నది ఒకటే పట్టీ. పైకి నల్లటి ప్లాస్టిక్ తొడుగుతో చక్కగానే ఉంది. చివర రింగు దగ్గర వేలితో వంచితే తొడుగు పుసుక్కున మెత్తగా నలిగింది. కోసి చూస్తే రాగి లేదు, పచ్చటి పొడి ఉంది.

అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే గుర్తులన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. సెల్ఫ్ వేసినప్పుడు ఒక్కోసారి యాక్సిలేటర్ కేబుల్ దగ్గర సన్నటి కాలిన వాసన వచ్చేది. పట్టీ దారి ఇవ్వకపోతే సెల్ఫ్ మోటారు లాగే వంద ఆంపియర్లకు పైబడ్డ కరెంటు ఇంజన్‌ని తాకే ఏ ఇనుప తీగ దొరికితే దాని గుండా పోతుంది. పదేపదే కేబుళ్ళు బిగుసుకుపోతున్న పాత బండి ఉంటే ఈ పట్టీని ఓసారి చూడండి.

చేతిలో కొత్త పట్టీ లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని, ఒక కొన ఇంజన్ మీద గీకిన ఇనుముకి, రెండో కొన బ్యాటరీ మైనస్‌కి తగిలించి మళ్ళీ కొలవండి. అంకెలు సరైపోతే దొంగ దొరికినట్టే. కొత్త పట్టీ వేసేటప్పుడు రెండు చివర్లా రంగు, తుప్పు పోయేలా గీకి, నక్షత్రపు వాషర్ వేసి బిగించండి. రంగు మీద బిగించిన ఎర్త్ ఆరునెలలు కూడా ఉండదు.

ప్లస్ వైపు ఎక్కువ పోతుంటే ఆల్టర్నేటర్ బోల్టు నట్టు లూజు, మధ్యలో మెయిన్ ఫ్యూజు కాళ్ళు నల్లబడటం, ఎప్పుడో ఎవరో తీగ కోసి మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, వీటిని చూడండి. లావు బోల్టు ముట్టుకునే ముందు మైనస్ టెర్మినల్ తీసేయడం మర్చిపోకండి, అక్కడ ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది.

6. డయోడ్ పరీక్ష

ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. ఒక డయోడ్ పోతే ఛార్జింగ్ ఉంటుంది కానీ బలం తగ్గుతుంది, రేడియోలో ఇంజన్ వేగంతో పాటు కూత పెరుగుతుంది, రాత్రి లైట్లు సన్నగా వణుకుతాయి.

ఇంజన్ ఆడుతుండగా మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద కొలవండి. 0.1 లోపు మంచిది, అర వోల్టు దాటితే డయోడ్ అనుమానమే. అయితే చవక మీటరులో ఇక్కడ ఒక మాయ ఉంది. డీసీ మీద ఏసీ రేంజి పెడితే చాలా చిన్న మీటర్లు 28, 30 అని చూపిస్తాయి, ముళ్ళు తిరగేస్తే సున్నా చూపిస్తాయి. మొదటిసారి నేనూ హడలిపోయాను. మీ మీటరు అలా చేస్తే ఈ పరీక్షకి అది పనికిరాదు. మంచి మీటరు అడిగి తెచ్చుకోండి, లేదా పై లక్షణాలను బట్టి ఆల్టర్నేటర్ విప్పించినప్పుడు డయోడ్ ప్లేటు చూడమనండి.

7. రాత్రికి రాత్రి దిగిపోతుంటే

పైవన్నీ బాగుండి, రెండు రోజులు బండి తీయకపోతే మాత్రం సెల్ఫ్ తీసుకోవట్లేదా? అయితే కుళాయి కారుతోంది.

అన్నీ ఆపి, తలుపులు మూసి, మైనస్ టెర్మినల్ తీసి, పోస్టుకీ టెర్మినల్‌కీ మధ్య 5 వాట్ల బల్బు పెట్టండి. వెలిగితే పెద్ద లీకు. వెలగకపోతే బల్బు తీసి మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి అదే చోట కలపండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ వేయొద్దు, మీటరు కాలిపోతుంది. పని అయ్యాక ముల్లుని వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మర్చిపోయి బ్యాటరీ మీద పెడితే కూడా అంతే.

కార్బురేటర్ బండిలో గడియారం, స్టీరియో మెమరీ కలిపి 0.02, 0.03 ఆంపియర్లుంటాయి. 0.05 దాటితే వెతకండి. అర ఆంపియర్ లీకయితే 24 గంటల్లో 12 ఆంపియర్ అవర్లు పోతాయి. మారుతి 800 బ్యాటరీ మొత్తమే 35, రెండో రోజు సెల్ఫ్ ఎందుకు మూలుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ మీటరు చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ దారిలోనే లీకు. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేవి తర్వాత బిగించినవే: స్టీరియో, రిమోట్ లాకు, రివర్స్ హారన్. ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్ లావు తీగను విప్పి చూడండి. అప్పుడు తగ్గితే డయోడే లోపలి నుంచి వెనక్కి తాగుతోంది.

ఆల్టర్నేటర్ విప్పాల్సి వస్తే

స్క్రూడ్రైవర్ పిడితో ఆల్టర్నేటర్ వెనక మెల్లగా తడితే ఛార్జింగ్ వచ్చి పోతుంటే కార్బన్లు అరిగినట్టు. అది చిన్న పని, దాని కోసం మొత్తం యూనిట్ మార్చక్కర్లేదు. విప్పే ఆటో ఎలక్ట్రీషియన్‌తో "ఛార్జింగ్ లేదన్నా, చూడు" అనకుండా మీ కాగితం చేతికివ్వండి: ఆల్టర్నేటర్ దగ్గర ఇంత, బ్యాటరీ దగ్గర ఇంత, ఎర్త్‌లో ఇంత. అంకెలతో వచ్చిన మనిషికి అక్కర్లేని సామాను అంటగట్టడం కష్టం. మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. కార్బన్లు నిజంగా అరిగాయో లేదో చూస్తేనే తెలుస్తుంది.

బండి ఇంటికి వచ్చాక ఐదో మెట్టులోని నాలుగు కొలతలూ మళ్ళీ తీయండి. మా బండిలో పట్టీ మార్చాక బ్యాటరీ దగ్గర 14.1, ఆల్టర్నేటర్ దగ్గర 14.2, ఎర్త్‌లో సున్నా. ఆ అంకెల్ని తేదీ వేసి బానెట్ లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టాను. అప్పటి నుంచి ప్రతి వానాకాలం ముందు ఒకసారి కొలిచి కిందే ఇంకో వరస రాస్తున్నాను.